అశోకుని వంటశాల



మన పల్లెలలో పెద్దలు సాయంకాలము రచ్చబండమీఁద చేరి మాటలాడుకొనుచుండఁగా నొక ప్రశ్న తఱచుగా పుట్టుచుండును. మాంసము తినుట పాపమా, కాదా? ఒకరు జీవహింస కంటె పాపము లేదందురు. వేఱొకరు, నాఁగలి సాగినప్పుడు చాలులోని పురుగులు చావవా యని యడుగుదురు. ఒకరు శాస్త్రము చెప్పుదురు; వేఱొకరు తాతముత్తాతల యాచారము చెప్పుదురు. దీపాలవేళకు వాదము తెగదు. ఎవరి యింటికి వారు పోయి, యెవరి యింట వండినది వారు తిందురు. ఈ వాదమునకు తీర్పు చెప్పుటకు నేను రాలేదు. కాని 2,200 ఏండ్లకు పైఁబడిన కాలమున ఒక చక్రవర్తి ఈ ప్రశ్ననే మనస్సున పెట్టుకొని, దానికి సమాధానమును సభలో గాక తన వంటశాలలో వెదకుట కారంభించెను. అతఁడు కనుఁగొన్నది మన తెలుఁగునేలమీఁది బండలపై నేఁటికిని చెక్కఁబడి యున్నది. ఆ కథను మీకు విన్నవించెదను.

కర్నూలు జిల్లాలో, గుత్తికి సమీపమున, ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. ఆ యూరి చెంత నున్న గుట్టమీఁది బండలపై అశోక చక్రవర్తి శాసనములున్నవి. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. దేశములో పెక్కుచోట్ల అశోకుని చిన్న శాసనములు మాత్రమే దొరకినవి. ఎఱ్ఱగుడిలోనన్ననో చిన్న శాసనములతోపాటు పదునాలుగు పెద్ద శాసనములును కలవు. చిన్న శాసనములో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, మఱి కొన్ని కుడినుండి యెడమకును నడచుట వింతగా నుండును. మడి దున్ను ఎద్దులు ఒక కొసనుండి వేఱొక కొసకు పోయి తిరిగి వచ్చినట్లుండును. పశులకాపరులు ఈ బండలమీఁద తరతరములుగా కూర్చుండి యుందురు. కాని వ్రాఁత చదువఁగలవారు లేరైరి. 1837లో జేమ్సు ప్రిన్సెప్పు అను ఆంగ్ల విద్వాంసుఁడు బ్రాహ్మి లిపిని చదువు మార్గము కనుఁగొన్న తరువాతనే దేశమందలి యీ బండలకు నోరు వచ్చినది. ఈ శాసనములలో చాలవఱకు రాజు తన్ను ‘దేవానాంప్రియుఁడు, ప్రియదర్శి’ యని మాత్రమే చెప్పుకొనెను. 1915లో రాయచూరు సీమలోని మస్కి గ్రామమున దొరకిన శాసనములో అశోకుఁడను పేరు స్పష్టముగా కానవచ్చినందున, ఆ ప్రియదర్శి యెవఁడను సందేహము తీఱినది. ఈ శాసనములలో నొకదానియందు ఆంధ్రుల పేరును కలదు. కనుక ఈ కథ మనకు పరాయిది కాదు.

అశోకుఁడు పుట్టుకతో సాధువు కాఁడు. పట్టాభిషేకమైన యెనిమిదేండ్లకు, అనఁగా క్రీ. పూ. 261 ప్రాంతమున, అతఁడు కళింగముపై దండెత్తెను. ఆ యుద్ధమున లక్ష మంది చచ్చిరనియు, లక్షన్నర మంది చెఱపట్టఁబడిరనియు, అంతకు పెక్కు రెట్లు తరువాత నశించిరనియు అతఁడే చెప్పుకొనెను. జయించిన రాజు తన జయమునకు విచారించి, ఆ విచారమును ఱాతిపై చెక్కించుట చరిత్రలో అరుదు. మనుష్యుల చావును చూచి కలఁగిన యా మనస్సు, కొన్ని యేండ్లకు మూగజీవముల చావువైపునకు తిరిగెను.

పెద్ద శాసనములలో మొదటిది ఆ సంగతినే తెలుపును. పట్టాభిషేకమైన పండ్రెండు పదుమూఁడేండ్ల తరువాత ఈ శాసనముల నతఁడు వ్రాయించెను. మొదటి శాసనమునందలి విషయమిది. ఇచ్చట ఏ ప్రాణినిని చంపి బలి యీయరాదు. ఉత్సవములపేర జరుగు గుంపుకూటములు కూడదు. వానిలో రాజునకు పెక్కు దోషములు కనఁబడుచున్నవి. కొన్ని కూటములు మాత్రము మంచివే. మునుపు రాజుగారి వంటశాలలో కూరకై దినదినము లక్షలకొలఁది ప్రాణులు చంపఁబడుచుండెడివి. ఈ శాసనము వ్రాయునప్పటికి మూఁడు మాత్రమే చంపఁబడుచున్నవి: రెండు నెమళ్లు, ఒక లేడి. ఆ లేడియు నిత్యము కాదు. ఇఁకముందు ఈ మూఁడును చంపఁబడవు.

‘ఇచ్చట’ అను మాటపై పండితులు వాదించుకొనిరి. రాజధానియగు పాటలీపుత్రమని కొందఱు, రాజ్యమంతయు నని కొందఱు చెప్పుదురు. లక్షలకొలఁది యను మాటను గూడ ఎవరో లెక్కపెట్టి వ్రాసిన సంఖ్యగాఁ గొనవలసిన పని లేదు. మిక్కిలి యని చెప్పుటకు పెద్దలు వాడు మాటయే యది. ఈ చిన్న విషయముల నటుంచి, ఆ ‘మూఁడు’ అను సంఖ్యను మాత్రము మీరు తలపోయుఁడు. రాజు తలఁచినచో, నా వంటశాలలో జీవహింస లేదని చెక్కించి యుండవచ్చును. పాటలీపుత్రపు వంటశాలలో నేమి యుడుకుచున్నదో ఎఱ్ఱగుడి గుట్టకడ గొఱ్ఱెలు కాచువాఁడు పోయి చూచునా? అడుగువాఁ డెవఁడు? అయినను అతఁడు కల్ల చెప్పలేదు. ఇంకను మూఁడు మిగిలియున్నవని, తన లోపమును తన ప్రజల యెదుట, హిమవంతము మొదలు మన సీమదాఁక బండలమీఁద వ్రాయించెను. విందులో నొక్కపూఁట కూర మానుకొని పదిమందికి ధర్మము చెప్పు మనకు, ఈ నిజాయితీ యొక పాఠము.

వంటశాలతో నాగక అతఁడు వేఁటను గూడ మానెను. మునుపటి రాజులు విహారయాత్రలకు పోయి మృగముల నాడుచుండిరనియు, తాను పట్టాభిషేకమైన పదియేండ్లకు బుద్ధుఁడు బోధినొందిన స్థలమునకు పోయి, నాఁటినుండి ధర్మయాత్రలు సాగించుచున్నాననియు వేఱొక శాసనమున చెప్పెను. మనుష్యులకును పశువులకును చికిత్సలు, మందుమొక్కలు లేనిచోట వానిని తెప్పించి నాటించుట, దారులవెంట బావులు త్రవ్వించి చెట్లు పెంచుట ఇంకొక శాసనమున కలవు. కొట్టమునందలి యెద్దు జబ్బుపడిన నాఁడు రైతు పడు బాధ యెట్టిదో మీకు నేను చెప్పనక్కఱలేదు. దానిని రాజ్యకార్యముగా నెంచిన రాజు కలఁడని మాత్రము చెప్పుచున్నాను. ఆఫ్ఘనిస్థానమునందలి కాందహారులో 1958లో గ్రీకు, అరమాయిక్ భాషలలో వ్రాసిన అశోకుని శాసనమొకటి దొరకినది. రాజు ప్రాణులను తినుట మానెననియు, అతనిని చూచి తక్కినవారును మానిరనియు, రాజుగారి వేఁటకాండ్రును జాలరులును తమ పని విడిచిరనియు దానిలో నున్నది. రాజు నడచిన త్రోవ కొలువువారి త్రోవయైనది.

ఇంతవఱకు కథ సుగమముగా నున్నది. ఇఁకమీఁద చిక్కు వచ్చును. తాను మానుట యొకటి. పరులచేత మానిపించుట వేఱొకటి. పట్టాభిషేకమైన 26వ యేఁట అశోకుఁడు స్తంభములపై నొక యాజ్ఞ చెక్కించెను. అందులో చంపరాని ప్రాణుల పట్టిక కలదు. చిలుకలు, గోరువంకలు, అడవిబాతులు, గబ్బిలములు, తాఁబేళ్లు, ఏదుపందులు, ఉడుతలు, ఖడ్గమృగము, పావురములు, కొన్ని జాతుల చేఁపలు, ఆఁబోతులు ఆ పట్టికలోనివి. తినుటకును వాడుటకును పనికిరాని నాలుగుకాళ్ల జంతువులన్నియు చంపరానివే. సూడి మేకలను, సూడి గొఱ్ఱెలను, ఆఁడుపందులను, పాలిచ్చువానిని, ఆఱు నెలలు నిండని పిల్లలను చంపరాదు. కోడిపుంజులకు వట్టలు తీయరాదు. జీవములున్న ఊకను కాల్పరాదు. వృథాగా గాని, ప్రాణులను చంపుటకు గాని అడవికి నిప్పు పెట్టరాదు. ఒక జీవమునకు వేఱొక జీవమును మేఁతగా వేయరాదు. కొన్ని పున్నములలోను, వాని ముందువెనుకల తిథులలోను, ఉపవాస దినములలోను చేఁపను చంపరాదు, అమ్మరాదు.

ఈ యాజ్ఞను చదివినవారికి రెండు విషయములు తోఁచును. ఒకటి: ఇది మాంసమును పూర్తిగా నిషేధించిన యాజ్ఞ కాదు. సూడి మేకను చంపరాదనుటలోనే తక్కిన మేక సంగతి తెలియుచున్నది. పొదుపు కలదు, వేళ కలదు, హద్దు కలదు. మేకలు కాచు కులమువాఁడు దీనిని విన్నయెడల వెంటనే తల యూఁపును. సూడి జీవమును కటికవానికి అమ్ముట తన మందను తాను నఱకుకొనుట యని వానికి ఏ రాజును చెప్పనక్కఱలేదు.

రెండవ విషయము కష్టమైనది. ఈ యాజ్ఞ బరువు ఎవరిపై పడెను? రాజు తన కూరను తన యిష్టముచేత విడిచెను. అతని పళ్లెములో తినఁదగినవి ఇంకను నూఱు వంటకములుండును. చేఁప నమ్మరాని దినమున జాలరి యింట పొయ్యి రాఁజునా? తాఁబేలును, ఏదుపందిని పట్టుకొని తిను అడవి జనము వాని నెట్లు విడుతురు? అడవులలోని జనులను సామముతో దారికి తెచ్చుకొనవలెనని కోరుచునే, తనకు శక్తియు కలదని హెచ్చరించిన మాట కళింగ విజయమును చెప్పు శాసనములోనే యున్నది. దయనుండి పుట్టిన నియమమైనను, దండనము చేతఁబట్టుకొని పేదవాని గుడిసెకు పోయినప్పుడు దాని ముఖము మాఱును. కౌటిల్యుని పేర ప్రసిద్ధమైన అర్థశాస్త్రమున సూనాధ్యక్షుఁడను అధికారి కలఁడు. కటికశాలల విచారణ వాని పని. దూడను, ఆఁబోతును, పాఁడియావును చంపినవానికి 50 పణములు జుల్మానా. మాంసము తూఁకము తగ్గించి యమ్మినవానికి తగ్గిన దానికి ఎనిమిది రెట్లు. అచ్చట లెక్క కలదు, కావలి కలదు, దండుగ కలదు. ధర్మమును లెక్కలోనికి దింపినచో రాజునకు అధికారులు పెరుగుదురు. ప్రజల మనస్సు మాఱునా యనునది వేఱు ప్రశ్న.

ఈ ప్రశ్నను అశోకుఁడు తానే వేసికొనెను. అతని గొప్పతనము ఇచ్చటనే యున్నదని నా యభిప్రాయము. ఆజ్ఞ వెలువడిన మఱుసటి యేఁట, అనఁగా 27వ యేఁట, అతఁ డొక దీర్ఘ శాసనమును చెక్కించెను. అది ఒక్క స్తంభముమీఁదనే కలదు. హర్యానా సీమలోని తోప్రా గ్రామమున నుండిన యా స్తంభమును 14వ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లక్ సుల్తాను జాగ్రత్తగా దింపించి ఢిల్లీకి తెప్పించెను; నేఁటికిని అది అచ్చటనే నిలిచియున్నది. అందులో రాజు చెప్పిన దేమనఁగా: ప్రజలలో ధర్మము రెండు విధముల వృద్ధి యయ్యెను. ఒకటి నియమములచేత, రెండవది వారి యంతట వారు ఆలోచించి యొప్పుకొనునట్లు నచ్చఁజెప్పుటచేత. ఈ రెండింటిలో నియమము స్వల్పమైనది, నచ్చఁజెప్పుటయే యధికమైనది. ఫలానా ప్రాణులను చంపరాదని నేను నియమము చేసితిని. కాని ప్రాణులను హింసింపకుండుట జనులలో నెక్కువగా పెరిగినది బోధచేతనే.

చిత్తగింపుఁడు. సైన్యము కలిగి, కారాగృహములు కలిగి, కాందహారునుండి కర్నూలుదాఁక తన మాట చెల్లు రాజు, తాను చేసిన చట్టము స్వల్పమని తానే యొప్పుకొనెను. చట్టము చేసిన యేఁడాదికే యొప్పుకొనెను. మూఁడు ప్రాణుల సంగతి దాఁచనివాఁడు దీనిని మాత్రమేల దాఁచును?

ఆ కాలపు మతములు సైతము ఈ విషయమున నొక్కమాట మీఁద లేకుండెను. జైనులు అహింసను కొసదాఁక పాటించిరి. బుద్ధుఁడు భిక్షువులకు వేఱొక మార్గము చెప్పెను: తనకొఱకు చంపినట్లు కన్నులార చూడనిది, విననిది, అనుమానింపనిది యగు మాంసము భిక్షలో పడినచో తినవచ్చును. భిక్షువులెల్లరు జీవితాంతము చేఁపను, మాంసమును విడువవలెనని దేవదత్తుఁడు పట్టుపట్టఁగా బుద్ధుఁ డంగీకరింపలేదని బౌద్ధ వినయ గ్రంథములు తెలుపుచున్నవి. గడపగడపకు తిరిగి పేదవాఁడు పెట్టినది పుచ్చుకొను బిచ్చగాఁడు, పెట్టినవాని కూడును తప్పుపట్టఁదగునా? ఈ విచారము ఆ నియమములో నున్నదని నాకు తోఁచును.

మన మహాభారతమున అరణ్యపర్వములోని ధర్మవ్యాధుని కథ మీరందఱు వినియుందురు. కోపముతో కొంగను కాల్చిన కౌశికుఁడను బ్రాహ్మణుఁడు ధర్మము తెలిసికొనుటకు మిథిలకు పోవును. అచ్చట అతనికి గురువు మాంసపు టంగడిలో కూర్చున్న కటికవాఁడు! తాను చంపఁడు, తాను తినఁడు. కులవృత్తిగా ఇతరులు చంపినదానిని అమ్మును. ముసలి తల్లిదండ్రులను దేవతలవలె కొలుచును. దున్నువాని నాఁగలిక్రింద ప్రాణులు చచ్చుననియు, ధాన్యపు గింజలోను జీవము కలదనియు, లోకములో హింస లేకుండ బ్రదుకువాఁడు లేఁడనియు అతఁడు చెప్పును. ఈ మాటను మన రచ్చబండలపై మాంసము తినువారు తమ పక్షమున వాడుదురు. కాని కథ నంతయు తెలిసినవా రా పని చేయరాదు. హింస తప్పదు గనుక ఎంతయైనను చేయవచ్చునని ధర్మవ్యాధుఁడు చెప్పలేదు. తప్పనిదానిని తగ్గించుకొనుమనియు, కొంగను కాల్చినవాఁడు శాకములు తిన్నను ధర్మాత్ముఁడు కానేరఁడనియు ఆ కథ సారము. అశోకుని లక్షలు మూఁడైన లెక్కయు నిదియే.

ఇఁక మన కాలమునకు వత్తము. 1950లో మద్రాసు శాసనసభ దేవాలయములలోను వాని యావరణలలోను జంతువులను, పక్షులను బలి యిచ్చుటను నిషేధించుచు చట్టము చేసెను. నాఁడు ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రములోనివే. చట్టము పుస్తకములో కలదు. గ్రామదేవతల జాతరలలో వేఁటపోతు సంగతి మీకు తెలియనిది కాదు. మఱి యదే యూరిలో, చట్టమేమియు లేకయే, కార్తికమాసము వచ్చినప్పుడు ఎన్ని యిండ్లలో చేఁపలకుండ అటకెక్కును! శనివారము నాఁడు, ఏకాదశి నాఁడు, తల్లిదండ్రుల తద్దినమునకు ముందు, మాల వేసికొన్న దినములలో, మాంసము నిత్యము తిను కుటుంబములు తమంత తాము మానుచున్నవి. వానిని మానిపించు బంట్రోతు లేఁడు. మానకున్న దండుగ లేదు. అవ్వ చెప్పినది అమ్మ వినెను. అమ్మ చేసినది బిడ్డ చూచెను. అశోకుఁడు నియమము కంటె బోధ యధికమనుటకు మన పల్లెయే సాక్షి.

2014 నాఁటి ప్రభుత్వ గణన ప్రకారము తెలుఁగు రాష్ట్రములు రెండింటిలోను పెద్దవారిలో నూటికి తొంబదిమందికి మించి మాంసాహారులే. కనుక మన సీమలో మాంసము తినువారు, తిననివారు అను రెండు సేనలు లేవు. తినుచునే కొన్ని దినములు విడుచువారు, కొన్ని జీవములు విడుచువారు, వయస్సు మీఱిన పిదప విడుచువారు గలరు. అట్లగుట మంచిదే. ఎందుకనఁగా, తానే యిటు నటు నడచినవాఁడు పరుని తేలికగా నిందింపఁడు.

నింద మాట వచ్చినది గనుక ఎఱ్ఱగుడి బండపై నున్న మఱియొక శాసనమును జ్ఞప్తి చేసి ముగించెదను. తన మతమును మితిమీఱి పొగడుకొనుటయు, పరమతమును కారణము లేక తెగడుటయు కూడదని అశోకుఁడు అందు చెప్పెను. నాలుకను అదుపున నుంచుకొనవలెనని అతని మాట. ఒకరి ధర్మము నొకరు వినవలెనని అతని కోరిక. నాలుకకు పనులు రెండు: రుచి చూచుట, మాటలాడుట. కూర విడిచినవాఁడు మొదటి పనిలో నొకమెట్టు ఎక్కును. కాని తన యింట మాంసము వండలేదను గర్వముతో పొరుగువానిని బంతినుండి లేపినచో, వాని పిల్లవాఁడు బడికి తెచ్చుకొన్న సద్దిని చూచి ముక్కు మూసికొన్నచో, రెండవ పనిలో రెండు మెట్లు దిగును. మన పల్లెలలో కూడు మూలమున జరిగిన అవమానములు తక్కువవి కావు. అట్లే, శాకాహారమునకు మాఱిన కొడుకును కోడలిని ‘సాధువులు వచ్చిరి’ అని పరిహసించు ఇండ్లును కలవు. అదియు నాలుక దోషమే.

పెద్దలారా, ఊరిలో తీర్పు చెప్పువారు మీరు. ఆహారమును గుఱించిన తగవు మీ యెదుటికి వచ్చినప్పుడు, ఎవఁడేమి తినుచున్నాఁడని మొదట అడుగకుఁడు. సూడి జీవమును కోసితివా, బలిపేర మూఁగజీవమును హింసించి చంపితివా, అడవికి నిప్పంటించితివా, నీ యెద్దుకు జబ్బు చేసినప్పుడు మందు వేసితివా యని యడుగుఁడు. ఈ ప్రశ్నలు మాంసము తినువానికిని చెల్లును, తిననివానికిని చెల్లును. పిదప మీ యింటికి పోయి, వంటయింటి గడపలో నిలిచి, మీ లెక్కలో ఇంకను మిగిలిన ఆ ‘మూఁడు’ ఏవో మీలో మీరు చూచుకొనుఁడు. అశోకుఁడు తనవి బండపై వ్రాయించెను. మనము అంత చేయనక్కఱలేదు; మన మనస్సునకు కల్ల చెప్పకున్న చాలును.